తోక కుడికి వంగిన ట్రైనర్‌కు కొత్త బాడీ: ఒక బాల్సా ఫ్యూజలేజ్ కేసు

తిరుపతిలో మా బల్ల మీదికి ఈ రిమోట్ మోడల్ విమానం రెండు ముక్కలుగా వచ్చింది. 1450 మి.మీ. రెక్క, 230 మి.మీ. కార్డ్ (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా వెడల్పు) ఉన్న హై వింగ్ ట్రైనర్, అంటే రెక్క బాడీ పైన ఉండే, ఎగరేయడం నేర్చుకునేవాళ్ల విమానం. 3542 సైజు బ్రష్‌లెస్ మోటారు, 3ఎస్ (మూడు సెల్‌ల) 4000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, మొత్తం బరువు 1.9 కిలోలు. రెక్కకు, తోకకు గీత కూడా పడలేదు. ఫ్యూజలేజ్, అంటే బాల్సా అనే తేలిక చెక్కతో కట్టిన బాడీ, మాత్రం రెక్క వెనక అంచు దగ్గర తుంచినట్టు తెగింది. యజమాని చెప్పినవి రెండు మాటలు. దిగేటప్పుడు నేల తగిలి ఒకసారి ఎగిరిపడింది, అంతకుమించి గుద్దుకోలేదు. మొదటిరోజు నుంచీ రడ్డర్‌కు (తోకలో పక్కలకు తిరిగే పలకకు) ఎడమ ట్రిమ్ పెట్టనిదే, అంటే దాన్ని ఎప్పుడూ కొంచెం ఎడమకు తిప్పి ఉంచనిదే, నేరుగా పోయేది కాదు.

అతుకు వేయకుండా కొత్త బాడీ కట్టాలని తేల్చింది ఆ రెండో మాటే. విరిగినచోట సీఏ (క్షణాల్లో పట్టే గమ్) పోసి పైన గ్లాస్ క్లాత్ చుడితే బలం వస్తుంది. ట్రిమ్ అడిగే ఆ వంకర మాత్రం పోదు, పైగా తోకవైపు బరువు పెరుగుతుంది.

పాత బాడీలో బయటపడ్డవి

రెండు ముక్కల్నీ ఒకచోట చేర్చి, ఫైర్‌వాల్ (ముందు మోటారు బిగించే పలక) నడిమి నుంచి వెనక్కి నూలుదారం లాగి చూస్తే తోక పోస్ట్ (రెండు పక్కలూ చివర కలిసే నిలువు పట్టీ) 7 మి.మీ. కుడికి ఉంది. ఫిన్ (నిలువు తోక) కూడా ఆ వంకరనే పట్టుకుని అతికి ఉంది, అంటే ముందు అంచు ఎడమకు, వెనక అంచు కుడికి. ఇది ఎప్పుడూ కొంచెం కుడి రడ్డర్ తొక్కిపెట్టినట్టే. ఎడమ ట్రిమ్ ఎందుకు అడిగిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

వంకర ఎలా వచ్చిందో తూకం చెప్పింది. పైన అంటించిన ప్లాస్టిక్ ఫిల్మ్ ఊడదీసి రెండు పక్కల నుంచీ ఒకే స్థానంలో 60 × 100 మి.మీ. ముక్కలు కోసి, నగల పనివాళ్లు వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూకంలో పెడితే ఎడమది 1.9 గ్రాములు, కుడిది 3.2 గ్రాములు. రెండూ 3 మి.మీ. మందమే. అంటే ఒకవైపు ఘనపు మీటరుకు సుమారు 105 కిలోల చెక్క, ఇంకోవైపు 178 కిలోల చెక్క. సాంద్రత పెరిగితే బాల్సాలో బిగువు కూడా పెరుగుతుంది. ఇలాంటి రెండు రేకుల్ని తోక దగ్గర కలిపి లాగితే మెత్తటిది వంగుతుంది, గట్టిది వంగనంటుంది. ఫలితంగా తోక గట్టి రేకు వైపుకు, ఇక్కడ కుడికి, పోతుంది. కంటికి రెండు రేకులూ ఒకేలా తెల్లగా కనిపిస్తాయి కాబట్టి తూకం వేయకుండా ఈ తేడా దొరకదు.

ఇక విరిగిన తీరు. 1.5 మి.మీ. ప్లై డబులర్ (పక్క రేకుకు లోపల బలం కోసం అతికే పొర) సరిగ్గా ఎఫ్3 ఫార్మర్ (బాడీలో అడ్డంగా నిలిపే పలకల్లో ముందు నుంచి మూడోది) దగ్గర నిట్టనిలువు గీతలో ఆగిపోయింది. రెక్క వెనక డోవెల్ (రెక్కను బాడీకి పట్టి ఉంచే గుండ్రటి పుల్ల) కోసం వేసిన 8 మి.మీ. రంధ్రం దానికి 12 మి.మీ. దూరంలో ఉంది. ఎఫ్3 గమ్ గీతా అక్కడే. బిగువైన భాగం ఒక్కసారిగా ఆగి మెత్తటి భాగం మొదలైనచోటే ఒత్తిడంతా పోగవుతుంది. దానికి పక్కనే రంధ్రం కూడా పెడితే, చిన్న ఎగిరిపాటు చాలు.

ఫైర్‌వాల్ చేత్తో లాగితే వచ్చేసింది. ఊడిన అంచు మీద బాల్సా నార ఒక్కటీ అంటుకుని లేదు. గమ్ పట్టి, చెక్క చిరిగి ఊడివుంటే నార ఉండాలి. ప్లై అంచు గమ్‌ను తాగేసి, అతుకులో మిగలకపోతే ఇలా శుభ్రంగా ఊడుతుంది. ఇంకొన్ని ఫ్లైట్‌లు ఎగిరివుంటే మోటారు గాల్లోనే విడిపోయేది.

చెక్క

బాల్సా చాలావరకు ఈక్వడార్ నుంచి వస్తుంది. ఇక్కడివాళ్లు ఆన్‌లైన్లో తెప్పించుకోవడమే. కొత్తవాళ్లు తరచూ అడుగుతారు, మన కొండల్లో చెక్క పనికిరాదా అని. శేషాచలం ఎర్రచందనం నీళ్లలో వేస్తే మునిగే బరువు, చట్టం సంగతి వేరే. కొండపల్లి బొమ్మల పొణికి తేలికే గానీ బాల్సాతో పోలిస్తే బరువే. అడిగినంతలో తప్పులేదు.

100 × 1000 × 3 మి.మీ. రేకు అంటే 300 ఘనపు సెం.మీ. కాబట్టి తూకంలో 30 గ్రాములు వస్తే ఘనపు మీటరుకు 100 కిలోలు, 48 వస్తే 160. పక్కలకు 36 నుంచి 42 గ్రాముల రేకు మంచిది. 30కి దిగితే వేలు పెట్టినా గుంట పడుతుంది, 50 దాటితే తోకలో బరువు. రెండు కావాలంటే ఆరు తెప్పించి, అన్నిటి మీదా పెన్సిల్‌తో తూకం రాసి, దగ్గరగా ఉన్న జతను పక్కలకు తీసుకోవాలి. మిగిలినవి అడుగు రేకుకూ ఫార్మర్లకూ పోతాయి, వృథా కావు. అక్టోబరు, నవంబరు ఈశాన్య వానల్లో చెక్క తేమ పీలుస్తుంది. అందుకని పార్సిల్ విప్పి, రేకులన్నీ ఒకే గదిలో కొన్నాళ్లు విడివిడిగా ఉంచి, ఒకే పూట తూచాలి.

ఈ కేసులో జత 38, 39 గ్రాములు. తూకం కుదిరినా బిగువు కుదిరిందని నమ్మకూడదు. రేకును బల్ల అంచు నుంచి 600 మి.మీ. బయటికి ఉంచి, వెనక భాగాన్ని బరువుతో నొక్కి, కొనన 20 గ్రాములు పెట్టి ఎంత వంగిందో కొలవాలి. ఒకటి 31 మి.మీ., రెండోది 33. తేడా 3 మి.మీ. లోపల ఉంటే ఆ జత వాడొచ్చు. గ్రెయిన్ (నార తీరు) రకం కూడా చూడాలి. అడ్డంగా వంచితే సులువుగా చుట్టుకునేది 'ఏ' (A) గ్రెయిన్. పైన మచ్చల్లా మెరుస్తూ, అడ్డంగా వంచితే పగిలేది 'సీ' (C) గ్రెయిన్. ఈ సీ రకం ఫార్మర్లకు బాగుంటుంది. పక్కలకు రెండూ ఒకే రకం ఉండాలి, ఒకటి 'ఏ', ఇంకోటి 'సీ' అయితే మళ్లీ పాత కథే.

ఫైర్‌వాల్‌కు 6 మి.మీ. బిర్చ్ ప్లై. ఎఫ్2కు 3 మి.మీ. బిర్చ్, ఎఫ్3కు 3 మి.మీ. లైట్ ప్లై, ఎఫ్4, ఎఫ్5లకు 3 మి.మీ. బాల్సా. ప్లై భాగాల్ని తిరుపతిలో యాక్రిలిక్ నేమ్‌బోర్డులు కోసే లేజర్ షాపులోనే కోయించవచ్చు. అక్కడ "3 ఎంఎం ప్లైనే సార్" అంటారు గానీ వెర్నియర్ పెడితే 2.7 ఉంటుంది, ఒక్కోసారి 3.2. ముందు కొలిచి, డ్రాయింగ్‌లో గాడి వెడల్పు మార్చి ఇవ్వాలి. లేజర్ గీతే 0.2 మి.మీ. దాకా చెక్క తినేస్తుంది, ఆ లెక్క కలపకపోతే గాళ్లన్నీ వదులు. కోసిన అంచు నల్లగా మాడి ఉంటుంది. దాని మీద ఫెవికాల్ సరిగా పట్టదు. 240 నంబరు ఉప్పుకాగితంతో నలుపు పోయేదాకా రెండుసార్లు తుడిస్తే చాలు, ఎక్కువ గీస్తే కొలత పోతుంది.

పక్కలు, డబులర్లు

ఫైర్‌వాల్ నుంచి తోక పోస్ట్ దాకా పొడవు 980 మి.మీ., క్యాబిన్ దగ్గర ఎత్తు 96, తోక దగ్గర 32. ఒక్కో పక్క ఒకే రేకులో వస్తుంది, మధ్యలో అతుకు ఉండదు. రేకులో కూడా ఒక కొన గట్టిగా, ఇంకో కొన మెత్తగా ఉంటుంది కాబట్టి రెండు రేకుల్నీ ఒకే దిశలో పేర్చి, పిన్నులు గుచ్చి, ఒకేసారి కోయాలి. గట్టి కొన ముందుకు.

పాత 1.5 మి.మీ. డబులర్ బదులు 0.8 మి.మీ. బిర్చ్ ప్లై. డబులర్ ఎఫ్3 దగ్గర ఆగదు. దాన్ని దాటి 60 మి.మీ. పోయి, చేపతోకలా మధ్యలో లోతుగా కోసిన వి ఆకారంలో ముగుస్తుంది. బిగువు కొద్దికొద్దిగా తగ్గుతూ పోవాలి, ఒక గీత దగ్గర ఆగకూడదు. రెక్క వెనక డోవెల్ రంధ్రం ఎఫ్3కి ముందు 20 మి.మీ.కు జరిగింది, అక్కడ లోపలివైపు 25 మి.మీ. వెడల్పు ప్లై బిళ్ల అదనం.

ఇక్కడ ఫెవికాల్ వాడకూడదు. అందులోని నీళ్లకు బాల్సా ఒకవైపే ఉబ్బి, ఆరేలోపు రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. 30 నిమిషాల ఎపాక్సీని (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే గమ్) పాత ఏటీఎం కార్డుతో ప్లై మీద పల్చగా లాగి, ఎక్కువైంది గీకేయాలి. ప్లై మెరుస్తుండాలి గానీ తడి నిలవకూడదు. కాంటాక్ట్ గమ్ తేలికే, కానీ తాకించాక జరపడానికి వీలుండదు. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 30 నిమిషాల ఎపాక్సీ సగం సమయానికే చిక్కబడుతుంది. తెల్లవారుజామున కలపండి, లేదా కలిపిన వెంటనే వెడల్పాటి మూత మీద పల్చగా పరచండి. గిన్నెలో ముద్దగా ఉంటే దాని వేడికి అదే ఇంకా త్వరగా గట్టిపడుతుంది.

రెండు పక్కలూ ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉండాలి. రెండు ఎడమ పక్కలు తయారుచేయడం ఈ పనిలో చాలామంది చేసేదే. గమ్ కలపకముందే రెంటినీ అడుగు అంచులు ఎదురెదురుగా వచ్చేలా బల్ల మీద పరిచి, పైకి కనిపించే ముఖాల మీద "లోపల" అని రాసి, డబులర్లు వాటి మీద పెట్టి చూసుకోవాలి.

బల్ల సంగతి ఒక మాట. చిత్తూరు జిల్లా గ్రానైట్‌కు పేరు. పాలిష్ యూనిట్లలో కోతలో మిగిలిన పలకలు చవగ్గా దొరుకుతాయి. 1200 మి.మీ. పొడవు పలక ఒకటుంటే ఏ ప్లైవుడ్ బల్లా దానంత చదునుగా ఉండదు. దాని మీద 12 మి.మీ. సాఫ్ట్ బోర్డు పరిస్తే పిన్నులు దిగుతాయి. అక్కడే 100 మి.మీ. గ్రానైట్ దిమ్మలు నాలుగు కోయించుకుంటే బరువుకు బరువు, మూలమట్టానికి మూలమట్టం. తెచ్చుకోగానే 90 డిగ్రీలు ఉన్నదీ లేనిదీ మూలమట్టం పెట్టి చూసి, మంచి మూలకు గుర్తు పెట్టుకోవాలి.

ఫైర్‌వాల్

కుడి థ్రస్ట్ 2 డిగ్రీలు, డౌన్ థ్రస్ట్ 2 డిగ్రీలు, అంటే మోటారు అంత మేర కుడికి, కిందికి చూడాలి. వాషర్లు పెట్టి సర్దడం కన్నా బాడీలోనే కట్టేయడం మంచిది, మోటారు విప్పిన ప్రతిసారీ వాషర్లు తారుమారవుతాయి. ఫైర్‌వాల్ వెడల్పు 76 మి.మీ. 2 డిగ్రీలకు 2.7 మి.మీ. తేడా రావాలి. మోటారు కుడికి చూడాలంటే ఫైర్‌వాల్ ఎడమ అంచు ముందుకు ఉండాలి, అంటే ఎడమ పక్క 2.7 మి.మీ. ఎక్కువ పొడవు. అలాగే 90 మి.మీ. ఎత్తుకు పై అంచు అడుగుకన్నా 3.1 మి.మీ. ముందుకు. మోటారు షాఫ్ట్ ఇలా వాలుగా ఉంటే ప్రొపెల్లర్ దగ్గరికి వచ్చేసరికి పక్కకు జరుగుతుంది. ఫైర్‌వాల్ నుంచి ప్రొపెల్లర్ 60 మి.మీ. దూరం కాబట్టి మోటారు మౌంట్ కేంద్రాన్ని 2.1 మి.మీ. ఎడమకు, 2.1 మి.మీ. పైకి జరిపి రంధ్రాలు వేస్తే స్పిన్నర్ (ప్రొపెల్లర్ ముందుండే టోపీ) సరిగ్గా నడిమికి వస్తుంది. ఈ చిన్న లెక్క మరిస్తే కౌలింగ్ (మోటారు చుట్టూ ఉండే కప్పు) ఒకవైపు రాసుకుంటుంది.

ఎం4 బ్లైండ్ నట్లు (పళ్లతో ప్లైలోకి దిగే నట్లు) ఫైర్‌వాల్ బిగించకముందే వెనకనుంచి లాగి, అంచుల చుట్టూ ఎపాక్సీ. మరలో ఎపాక్సీ దిగకుండా బోల్టుకు కొంచెం వాజలైన్ రాయాలి. ప్లై అంచులకు ముందు ఒక పూత ఎపాక్సీ రాసి, అది పీల్చుకున్నాక రెండో పూతతో అతకాలి. పాత బాడీలో లోపించింది ఈ మొదటి పూతే. వెనక నాలుగు మూలల్లో 10 మి.మీ. త్రికోణపు బాల్సా. ఆపైన ఒక్కో పక్క నుంచి మూడేసి 2 మి.మీ. రంధ్రాలు ఫైర్‌వాల్ అంచులోకి 12 మి.మీ. లోతున వేసి, ఎపాక్సీలో ముంచిన వెదురు టూత్‌పిక్‌లు దిగగొట్టాలి. గమ్ ఓడినా ఈ పుల్లలు పట్టుకుంటాయి.

పెట్టె కట్టడం, తోక కలపడం

ఈ డిజైన్‌లో పై అంచు నేరు గీత. కాబట్టి బాడీని తలకిందులుగా, పై అంచు బోర్డుకు ఆనేలా పెట్టి కట్టాలి. బోర్డు మీద కాగితం, కాగితం మీద 1000 మి.మీ. మధ్యగీత, దానిపైన పల్చటి ప్లాస్టిక్ షీట్. ప్రతి ఫార్మర్ మీదా మధ్యగీత గీసి ఉండాలి.

ముందు ఎఫ్2, ఎఫ్3 మాత్రమే. గ్రానైట్ దిమ్మల్ని బయటినుంచి ఆనించి, ఫెవికాల్ మెరైన్‌తో అతికి, గమ్ పట్టకముందే పెట్టె మూలల మధ్య ఐమూల కొలతలు రెండూ చూడాలి. 230 × 76 పెట్టెకు 242 మి.మీ. రావాలి, రెంటి మధ్య తేడా అర మిల్లీమీటరు దాటకూడదు. ఇక్కడ ఒక మిల్లీమీటరు పోతే తోక దగ్గరికి వచ్చేసరికి ఏడెనిమిది అవుతుంది. ఇది బాగా ఆరాకే ఫైర్‌వాల్.

వెనక భాగంలో పక్కల లోపలి అంచులకు పైన, కింద 6 × 6 బాల్సా లాంజరాన్లు (బాడీ పొడవునా పోయే పుల్లలు). తోక దగ్గర కొనల్ని లోపలివైపు ఏటవాలుగా అరగదీయాలి, లేకపోతే 10 మి.మీ. పోస్ట్ మీద పక్కలు గీతలా మాత్రమే ఆనుతాయి, ముఖమంతా ఆనదు.

లాగేటప్పుడు బాల్సా ఎఫ్3 వెనక పగులుతుంది. అక్కడి నుంచి 150 మి.మీ. మేర బయటి ముఖాన్ని వేడినీళ్ల గుడ్డతో తడపాలి. బయటి నార ఉబ్బి రేకు తనంతట లోపలికి వంగుతుంది. లోపల తడిపితే ఎదురు తిరుగుతుంది. తడిపి, తోక కొనల్ని బట్టల క్లిప్పులతో కలిపి, గమ్ లేకుండా రాత్రంతా వదిలేయాలి. తడి మీద సీఏ వేస్తే క్షణంలో పైపైనే పట్టేస్తుంది, లోపలికి దిగదు.

ఆరాక క్లిప్పులు తీయకుండా దారం లాగి చూస్తే తోక 2 మి.మీ. కుడికి ఉంది. రేకుల మధ్య మిగిలిన చిన్న తేడా అది. పోస్ట్‌ను మధ్యగీత మీదికి తెచ్చి, ఇరువైపులా దిమ్మలు ఆనించి కదలకుండా చేసి, అప్పుడు పోస్ట్‌ను, ఎఫ్5ను, ఎఫ్4ను వెనకనుంచి ముందుకు వరసగా అతికాం. ముందుగా ఎఫ్4 అతికితే వంకర అక్కడే స్థిరపడుతుంది, తోకను తర్వాత లాగినా రెండు వంకరలు అవుతాయి తప్ప ఒకటి పోదు.

అడుగు రేకు వేయకముందు ఫ్యూజలేజ్‌ను చేత్తో మెలిపెట్టవచ్చు. నాలుగు వైపులా మూసిన పెట్టె ఇక మెలిక తిరగదు. అంటే మూసే క్షణంలో ఏ మెలిక ఉందో అదే శాశ్వతం. ఎఫ్2 మీద ఒక స్టీల్ స్కేలు, తోక పోస్ట్ దగ్గర ఒకటి అడ్డంగా పెట్టి, ముందునుంచి ఒంటికన్నుతో చూడాలి. వెనక స్కేలు ఒక కొన ఎక్కువగా కనిపిస్తే మెలిక ఉన్నట్టు. ఇక్కడ ఎడమ కొన కొంచెం లేచింది. కారణం బోర్డు మీద ఎఫ్4 కింద ఎండిన గమ్ బొట్టు. దాన్ని గీకేస్తే స్కేళ్లు రెండూ కలిశాయి. అప్పుడు 2 మి.మీ. అడుగు రేకు, గ్రెయిన్ అడ్డంగా, 100 మి.మీ. ముక్కలుగా, బాడీ బోర్డుకు పిన్ చేసి ఉండగానే. గ్రెయిన్ నిలువుగా వేస్తే ఒకే రేకు చాలు, పని తేలిక, కానీ బాడీ మెలిపెట్టినప్పుడు అంచుల వెంట చీలుతుంది. బయటికి కనిపించే అతుకులకు సీఏ వద్దు. ఆ గీత రాయిలా నిలబడి, ఉప్పుకాగితం వేస్తే పక్కన బాల్సా అరిగిపోయి గాడి పడుతుంది, ఫిల్మ్ వేశాక అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పై రేకు మూసేముందు పుష్‌రాడ్ (తోక పలకల్ని కదిపే కడ్డీ) గొట్టాలు పెట్టి, ప్రతి 180 మి.మీ.కు ఒక ఫార్మర్‌కో అడ్డపట్టీకో అతకాలి. ఆధారం లేని గొట్టం తోపుకు విల్లులా వంగుతుంది, ఎలివేటర్ (విమానాన్ని పైకీ కిందికీ తిప్పే తోక పలక) పైకి వస్తుంది గానీ కిందికి పూర్తిగా పోదు.

మిగతా భాగాలు

ముక్కు చక్రం తీసేసి తోక చక్రం పెట్టాం. ఇక్కడ ఎగరేసేది ఎక్కువగా ఎండిన చెరువుల్లో, రాళ్లున్న బీళ్లలో. ముక్కు చక్రం రాయికి తగిలిన ప్రతిసారీ దెబ్బ ఫైర్‌వాల్‌కే. గేర్ ప్లేటు 4 మి.మీ. ప్లై, ఎఫ్2కు ఆనించి. చక్రాల గేర్‌ను దానికి రెండు ఎం4 నైలాన్ బోల్టులతో మాత్రమే బిగించాలి. గట్టి దెబ్బకు బోల్టు తెగాలి, ప్లేటు కాదు.

స్టాబిలైజర్ (అడ్డ తోక) సీటును రెక్క సీటుతో పోలిస్తే ముందు అంచు కిందికి 1.5 డిగ్రీలు, 130 మి.మీ. కార్డ్‌కు 3.4 మి.మీ. గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారికి రెట్టింపు ఉండాలి, లేకపోతే ఏప్రిల్ ఎండలో ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ భాగం) వేడెక్కి ఆగిపోతుంది.

బరువు, సీజీ, ఎగిరాక

ఫిల్మ్‌తో సహా కొత్త ఫ్యూజలేజ్ 262 గ్రాములు. పాతది 330. తగ్గినదాంట్లో డబులర్ల వాటా పెద్దదే, కానీ సీజీకి (విమానం బరువు తూగే బిందువుకు) పనికొచ్చింది తోకవైపు తగ్గిన 18 గ్రాములు. సీజీ రెక్క ముందు అంచు నుంచి 66 మి.మీ.లో. తోక కొనకు అక్కడి నుంచి 724 మి.మీ., మోటారుకు 286. తోక కొనలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో రెండున్నర గ్రాముల సీసం కట్టాలి. పాత బాడీలో 40 గ్రాముల సీసం ఉండేది, కొత్తదానికి 10 సరిపోయింది.

రేణిగుంట విమానాశ్రయం చుట్టూ రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) కాబట్టి, తిరుమల మీద ఎలాగూ నిషేధమే కాబట్టి, ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకుని చిత్తూరు దారిలో ఒక ఎండిన చెరువులో ఎగరేశారు. రడ్డర్ ట్రిమ్ సున్నా. ఎలివేటర్‌కు రెండు క్లిక్కులు కిందికి. పూర్తి థ్రాటిల్‌లో ఇంకా కొంచెం పైకి లేస్తోంది, అంటే డౌన్ థ్రస్ట్ మరో అర డిగ్రీ కావాలి. దానికి మోటారు మౌంట్ పై రెండు బోల్టుల కింద ఒక్కో 0.5 మి.మీ. వాషర్.

మూడో ల్యాండింగ్‌లో ఎడమ నైలాన్ బోల్టు తెగింది, ప్లేటుకు ఏమీ కాలేదు. బ్యాటరీ హ్యాచ్ వెనక మూలలో మాత్రం వెంట్రుకంత పగులు కనిపించింది. మూలను చదరంగా కోయడమే కారణం. పగులు కొనన 2 మి.మీ. రంధ్రం వేసి, పల్చటి సీఏ దింపి, లోపల 0.8 ప్లై బిళ్ల అతికించాం. ఇదే ప్లాన్‌తో కట్టేవాళ్లు హ్యాచ్ మూలల్ని 6 మి.మీ. గుండ్రంగా కోయాలి.